దొరగారి మెచ్చుకోలు

జర్మన్లు గ్రీసులోని ఎపిరస్ కొండల్లో ఊళ్ళు తగలబెడుతున్న రోజుల్లో, గాయపడ్డ ఇంగ్లీషు సైనికుణ్ణి స్టమతియా తన మేకల కొట్టంలో దాచి బతికించింది. అది తెలిసి జర్మన్లు ఆమె మొగుణ్ణి గుమ్మం ముందే కాల్చేశారు. కొడుకు లాంబ్రోస్ తుపాకి పట్టి కొండలెక్కాడు.

యుద్ధం ముగిశాక ఒక ఇంగ్లీషు దొర వచ్చి, చర్చి ముందు ఊరందరి ఎదుట ఆమెకు పతకం తగిలించాడు.

"మీ గ్రీకుల తెగువకు లోకమంతా చేతులెత్తి మొక్కుతోందమ్మా!"

"మొక్కులెందుకు బాబూ! జర్మన్ల మీద పోరాడిన నా కొడుకును కమ్యూనిస్టని మా సర్కారే దీవి జైల్లో పెట్టింది. మీ మాట వాళ్ళు జవదాటరు. విడిపించు."

దొర మొహంలో నవ్వు మాయమైంది. "అది మీ ఇంటి గొడవమ్మా. మేం తలదూర్చకూడదు."

"మీవాడు మా ఇంట్లో తలదాచుకున్నప్పుడు ఏమైందయ్యా ఈ పట్టింపు?"

దొర జీపెక్కాడు. ఆ చలికాలమే లాంబ్రోస్ దీవిలో క్షయతో పోయాడు. శవాన్ని కూడా తల్లికి ఇవ్వలేదు.