ఆరు సగం బొంతలు

ఆ మధ్యాహ్నం బందరులో మా ఇంటి వరండాలో చాప వేసుకుని, పాత చీరలు మడతలు పెట్టి బొంత కుడుతున్నాను. మూడో వరస అయ్యాక లేవబోతే నడుము లేవనివ్వలేదు. నొప్పి అనలేను. వెనక నుంచి ఎవరో పట్టుకుని కూర్చోబెట్టినట్టుంది. గోడ పట్టుకుని లేచి, బొంతను ట్రంకుపెట్టెలో పడేశాను. అందులో అప్పటికే ఐదు సగం బొంతలున్నాయి. మొదలుపెట్టడం నాకిష్టం. ముగించడం దగ్గరే పేచీ.

"వంగి కుట్టడం వల్లే" అని మా ఆయన తీర్పు చెప్పారు. వీధి చివరి డాక్టరూ అదే అని పెయిన్ కిల్లర్స్ రాశాడు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతోందంటే, "ఈ వయసులో ఆడవాళ్లకు మామూలేనమ్మా" అన్నాడు. బీఎస్సీ చదివినదాన్ని, మామూలని ఏ టెస్టులో తేలిందని అడిగాను. ఇంకో మాత్ర రాశాడు. అయినా మూడు నెలలు అవే మింగాను. నోటికున్న తెగువ కాళ్లకు లేకపోయింది.

జాకెట్లు వదులయ్యాక గుడివాడలో ఎముకల డాక్టరుగారి దగ్గరికి వెళ్లాం. ఈఎస్ఆర్, ఎమ్మారై, బయాప్సీ అయ్యాయి.

"స్పైన్ టీబీ అమ్మా. రెండు పూసలు తినేసింది."

"బొంతల వల్లాండీ?" అన్నారు మా ఆయన.

డాక్టరుగారికి అర్థం కాలేదు. "క్రిమి వల్ల. ఊపిరితిత్తుల్లో లేదు, ఎవరికీ అంటదు. మూడు నెలలు బెడ్ రెస్ట్. ఆ తర్వాత నడుముకు బ్రేస్ కట్టుకుని నడక. మాత్రలు మాత్రం ఏడాదికి తగ్గవు."

మూడు నెలలని రాయడం తేలికే. వెల్లకిలా పడుకుంటే నాకు దక్కిన లోకం ఫ్యాను, బల్లి, కిటికీలో సగం కనిపించే కరెంటు స్తంభం. పక్కకు తిరగాలన్నా మా ఆయన వచ్చి దుంగను దొర్లించినట్టు దొర్లించాలి. పాతికేళ్లు ఆయనతో వాదించి గెలిచాను. బెడ్‌పాన్ అడిగేటప్పుడు ఏ వాదనా పనికిరాలేదు.

నాగాయలంక నుంచి మా ఆడపడుచు వచ్చింది. పైట ముక్కుకు అడ్డం పెట్టుకుని, "నీకెందుకు వదినా శ్రమ, మా చీరలు పట్టుకుపోతాలే" అని పెట్టె తెరిచి తన సగం బొంత సంచిలో వేసుకుంది.

"అంటదని డాక్టరు చెప్పాడు" అన్నాను.

"అయ్యో, నేనేమన్నాను వదినా?" అంది పైటలోంచే.

తర్వాత వెనక వీధి మస్తాన్‌బీ అక్క వచ్చి మంచం అంచున కూర్చుంది. వాళ్లమ్మ పోయాక ఆవిడ చీరలు బొంత కుట్టమని నాకిచ్చి మూడేళ్లయింది.

"నీదీ తీసుకుపో అక్కా. పెట్టె అడుగున ఉంది."

"నేనెందుకు తీసుకెళ్తాను? మూడేళ్ల నుంచి మా అమ్మ నీ పెట్టెలో పడుకుంది. ఇప్పుడు నువ్వూ పడుకున్నావ్. ఇద్దరూ కలిసి లేవండి."

చేతులకు జబ్బు లేదు గనక కుట్టుకోవచ్చన్నారు డాక్టరుగారు. అక్క బొంతను పొట్ట మీద పరుచుకుని రోజుకు జానెడు కుట్టాను. మొదటి వారం ముగిశాక మా ఆయన్ని తీసి చూపించమంటే, బొంతతో పాటు నా నైటీ లేచింది. రెండూ కలిపి కుట్టేశాను. "కదలొద్దన్నారు గాని, కుట్టేసుకోమనలేదే" అన్నారాయన. ఇద్దరం నవ్వాం. ఆయన కత్తెర వెతుకుతున్నంతసేపూ దాని కింద అలాగే పడి ఉన్నాను. అప్పుడు నవ్వు పోయింది.

ఐదో నెలకు బ్రేస్ వేసుకుని నడుస్తున్నాను. నొప్పి లేదు, మాత్ర వేస్తే వాంతులు. తగ్గిన జబ్బుకు మందేమిటని నాతో నేనే వాదించి, నేనే గెలిచి, ఎవరికీ చెప్పకుండా మానేశాను. ఆరు వారాలకు ఎడమ కాలు మొద్దుబారింది. చెప్పు జారిపోయినా తెలియలేదు.

డాక్టరుగారు కొత్త ఎమ్మారై ఫిల్ము చూశారు. "మళ్లీ మొదటి నుంచి వాడాలి. ఈసారి ఆపితే కాళ్లు పడిపోవచ్చు. మధ్యలో వదిలేయడం అలవాటా అమ్మా మీకు?"

మా ఆయన కిటికీ వైపు చూస్తూ, "ఇంట్లో ఒక ట్రంకుపెట్టె ఉందండి" అన్నారు.

మళ్లీ అదే మంచం, అదే బల్లి. ఈసారి నియమం పెట్టుకున్నాను. పొద్దున మాత్రలు మింగాకే సూది ముట్టాలి, రోజుకొక వరస కుట్టాలి. మస్తాన్‌బీ అక్క వచ్చి బొంత తడిమి చూసి, "నిన్నటి వరసేదే?" అని గద్దించేది. వాంతి అయిన రోజు కూడా వదల్లేదు.

కోర్సు పూర్తయి ఎనిమిది నెలలు. కింద కూర్చోలేను, బిందె ఎత్తలేను. ఎడమ కాలి బొటనవేలికి స్పర్శ ఇంకా తక్కువే. పెట్టెలో మిగతా నాలుగు బొంతలూ ముగించాను. అక్క బొంత నేనే తీసుకెళ్లి ఇచ్చాను, దారిలో రెండు అరుగుల మీద ఆగి. విప్పి చూసి, "ఇక్కడ కుట్లు వంకరగా ఉన్నాయే" అంది. అది నైటీ దగ్గర విప్పి మళ్లీ కుట్టిన చోటు.

నొప్పి పోయిందని మాత్ర ఆపకండి. పని అయిందో లేదో నొప్పికి తెలియదు, ఆపమని డాక్టరు చెప్పాలి. కాదని వాదించాలనుంటే రండి. పెట్టె ఖాళీ అయింది, నాకిప్పుడు తీరికే.