అత్తయ్య గొంతులో తెల్లచుక్క

మొన్న బుధవారం పొద్దున్నే బందరు నుంచి ఫోను. మా అత్తయ్య నిద్రలోనే గుండె ఆగి పోయిందట. దుఃఖం కన్నా ముందు నాకు ఆశ్చర్యం వచ్చింది. ఎవర్నీ ఒక్క మాటైనా అనకుండా వెళ్ళిపోవడం ఆవిడకు చేతనైన పని కాదు.

మా నాన్న చెల్లెలావిడ. నా హైస్కూలు చదువంతా ఆవిడ ఇంట్లోనే, ఆవిడ చేతి అన్నం, ఆవిడ తిట్లు తింటూ సాగింది. రెండిటికీ రుణపడి ఉన్నాను. వాకిట్లో నిలబడి కేకేస్తే వీధి చివర కూరగాయల బండి ఆగేది. "నీ నోటికో దణ్ణమే, కాసేపు విశ్రాంతి ఇవ్వు" అని మావయ్య రోజూ బతిమాలేవాడు. "నేను నోరు మూస్తే మీకు అన్నం ఎక్కడుందో కూడా తెలీదు" అనేది అత్తయ్య.

తర్వాత గొంతులో కాన్సరు గడ్డ వచ్చింది. అది స్వరతంత్రిని కదిలించే నరాన్ని పెనవేసుకుని ఉండటంతో గడ్డతోపాటు నరమూ తీసెయ్యాల్సి వచ్చింది. మాట పోయింది. నోరు తెరిస్తే గాలే. ఆ నెలల్లో మావయ్య చిక్కి సగమయ్యాడు. చివరికి విజయవాడ సర్జన్, కదలని స్వరతంత్రిలోకి ఎముకల్లో ఉండే సున్నం లాంటి పదార్థాన్ని ఇంజెక్షన్ చేశాడు. బొంగురుగానైనా మాట తిరిగొచ్చింది. మొదటిది మావయ్యకే తగిలింది: "ఆ చొక్కా ఉతికి ఎన్నాళ్ళయిందండీ?" ఆయన ఆసుపత్రి వరండాలోనే ఏడ్చేశాడు.

ఏడాదికి బందరులో స్కాన్ తీయిస్తే గొంతులో తెల్లటి చుక్క కనిపించింది. అక్కడి కొత్త డాక్టరు మావయ్యను గదిలోకి పిలిచి, "ఆపరేషన్ కాక ఇంకేమైనా చేయించారా?" అని అడిగాడు. "లేదండీ" అన్నాడు మావయ్య. జలుబుకీ సూదే, జ్వరానికీ సూదే. మా వాళ్ళలో సూదిని ఎవరు లెక్కేస్తారు? "అయితే జబ్బు తిరగబెట్టిందేమో. అదే నిజమైతే స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి" అన్నాడాయన.

ఆ మాట అత్తయ్యకు చెప్పే ధైర్యం మావయ్యకు లేదు. "ఏదో తెల్లగా ఉందట" అన్నాడంతే. నాగాయలంక నుంచి వచ్చిన ఆయన చెల్లెలు, "మా ఇంట్లో తిన్న బొచ్చెచేప ముల్లే వదినా!" అని తేల్చేసింది. ఆ ఆశ పట్టుకుని అందరం ఉత్త అన్నం ముద్దలు, అరటిపళ్ళు మింగించడం మొదలుపెట్టాం. ఆవిడ ఏదో చెప్పబోయినప్పుడల్లా "మాట్లాడకు, గొంతుకు మంచిది కాదు" అని ఇంకో ముద్ద. చివరికి పళ్ళెం తోసేసింది.

"ముల్లూ లేదు, గిల్లూ లేదు! మాట కోసం సూదితో పెట్టింది గొంతులో ఉండక ఎక్కడికి పోద్ది? నన్నొక్కరైనా అడిగారా?"

మర్నాడు విజయవాడ తీసుకెళ్తే, ఫిల్ము చూసి సర్జన్ నవ్వాడు. "అది నేను పెట్టిందేనమ్మా. స్కాన్‌లో ఎముకలాగే తెల్లగా కనిపిస్తుంది. ఈసారి ముందే చెప్పండి." తిరుగు బస్సులో పామర్రు దాకా అత్తయ్య మావయ్యను తిడుతూనే ఉంది. ఆయన హాయిగా వింటూ కూర్చున్నాడు. అప్పట్నుంచీ ఏ డాక్టరు కనబడినా, పంటి డాక్టరైనా సరే, "నా గొంతులో సున్నముందండీ" అని నమస్కారం కన్నా ముందే చెప్పేది.

నిన్న బందరు వెళ్ళాను. మావయ్య కిటికీ దగ్గర నిలబడి ఆ ఫిల్మును వెలుతురుకి ఎత్తి పట్టుకుని ఉన్నాడు. పరామర్శకు వచ్చిన పక్కింటి పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని, "ఆ తెల్లగా ఉన్నది... జబ్బాండీ?" అని మెల్లగా అడిగాడు.

"జబ్బు కాదండీ," అన్నాడు మావయ్య, ఫిల్ము దించకుండానే. "మా ఆవిడ మాట."