సీరియల్లో పాపను నేను చంపలేదు

నేను ఐదో తరగతి దాకా చదివాను. ఇప్పటిదాకా రాసినవి సంతకాలు, సరుకుల చీటీలే. ఇది రాయడానికి కూర్చుని మూడుసార్లు కాగితం చింపేశాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. సీరియల్ గురించైతే ఎంతసేపైనా చెప్పగలను, అందుకని అక్కడే మొదలుపెడుతున్నాను.

గాజువాకలో మాది రెండు గదుల అద్దె ఇల్లు. మా ఆయన పోర్టులో కాంట్రాక్టు పని చేసేవాడు. క్రేన్‌కి కొక్కేలు తగిలించే పని. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ ఎక్కితే రాత్రి పదింటికి దిగేవాడు. నేను ఇంట్లో కూర్చుని చీరలకు ఫాల్స్, జాకెట్లకు హుక్కులు కుట్టేదాన్ని. సోమవారం నుంచి శనివారం దాకా సాయంత్రం ఏడున్నరకి నా సీరియల్. ఆయనకి సెలవు ఆదివారం. ఆదివారం సీరియల్ రాదు. అందుకని ఇన్నేళ్లలో ఆయన దాన్ని కళ్ళతో చూడలేదు, నేను చెబితే విన్నాడంతే. ఆయన ఫోన్ కూడా బొత్తాల ఫోనే.

పొద్దున్నే చద్దన్నం ముందు కూర్చుని, ఉల్లిపాయ కొరుక్కుంటూ అడిగేవాడు.

"ఏటే, నిన్నేటయ్యింది?"

నేను పొయ్యి దగ్గర నుంచే మొదలుపెట్టేదాన్ని. మాకు పిల్లలు లేరు. పెద్దాసుపత్రికి కొన్నాళ్ళు తిరిగాం, తర్వాత మానేశాం. మానేశాక ఆ మాట ఇంట్లో ఎవరం ఎత్తలేదు. ఆ ఒక్క మాట ఎత్తకుండా ఇంకేం మాట్లాడుకోవాలో మా ఇద్దరికీ తెలిసేది కాదు. సీరియల్ లేకపోతే మా ఇంట్లో వినపడేది గిన్నెల చప్పుడే.

ఆ సీరియల్ గొప్పదని నేను అనను. హీరోయిన్ పట్టుచీర కట్టి, వడ్డాణం పెట్టుకుని పప్పుకి తాలింపు వేస్తుంది. ఒక్క ఆవగింజ కూడా ఎగిరి చీర మీద పడదు. ఆవిడ గిన్నె తోమగా నేను చూడలేదు. పెద్ద తోడికోడలు వేషం వేసినావిడ మాత్రం నటి అంటే నటి. కాఫీ కప్పు కింద పెట్టే తీరులోనే ఎవరికో మూడిందని తెలిసిపోయేది. నన్నడిగితే ఆవిడనే హీరోయిన్ చేయాల్సింది. హీరోలు ఇద్దరు మారారు. మొదటివాడు కళ్ళతో మాట్లాడేవాడు. రెండోవాడు పెళ్ళాం ఏడుస్తుంటే సిటీ బస్సు కోసం చూస్తున్నవాడిలా నిలబడేవాడు.

తర్వాత హీరోయిన్ని కూడా మార్చారు. ఒకరోజు తలుపు తీసుకుని వేరే ఆవిడ లోపలికి వచ్చింది. ఇక నుంచి ఈ పాత్రలో ఈవిడే అని తెర కింద ఒక రాత వేశారు. ఇంట్లో అందరూ ఆవిడ ముఖం చూసి ఏమీ జరగనట్టే మాట్లాడారు. నాకు నెల రోజులు మింగుడు పడలేదు. కానీ మా ఆయనకి నేనా సంగతి చెప్పలేదు. ఆయనకి హీరోయిన్ అంటే నా గొంతే. గొంతు మారలేదు కదా అనుకున్నాను.

మొదటి అబద్ధం చాలా చిన్నది. పెద్ద తోడికోడలు నింద వేస్తే హీరోయిన్ ఏడ్చి ఆవిడ కాళ్ళు పట్టుకుంది. రాత్రంతా నాకు ఒళ్ళు మండిపోయింది. పొద్దున ఆయన అడిగాడు.

"అప్పుడేటి సేసింది?"

"సెంప మీద ఒక్కటిచ్చింది మావా."

వరసకి ఆయన మా అమ్మకి తమ్ముడు, అందుకే మావా అంటాను. ఆయన చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది.

"కొట్టేసిందా? ఓలమ్మ! ఇన్నాలకి ఉప్పూకారం తిన్నాది!"

ఆ రోజు ఆయన నవ్వుకుంటూ షేర్ ఆటో ఎక్కాడు. ఆ నవ్వు కోసం ఆ తర్వాత అక్కడక్కడా మార్చి చెప్పడం మొదలుపెట్టాను.

అలా ఉండగా సీరియల్లోకి పాప వచ్చింది. రైల్వే స్టేషన్లో తప్పిపోయిన పిల్లని హీరోయిన్ ఇంటికి తెచ్చుకుంది. ముందు పన్ను ఊడిపోయి ఉండేది. సీరియల్ పిల్లలు ముసలమ్మల్లా నీతులు చెబుతారు, నాకు చిరాకు. ఈ పాప అలా కాదు. అప్పడం కరకర నములుతూ, "నువ్వెప్పుడూ తలుపు వెనకాలే ఎందుకుంటావు?" అని పెద్ద తోడికోడలినే అడిగేసింది. అది చెబితే మా ఆయనకి పొలమారింది.

అప్పట్నుంచి ఆయన ప్రశ్న మారిపోయింది. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు.

"గుంటేటి సేసింది?"

హీరో ఏమయ్యాడు, ఆస్తి ఎవరికి పోయింది, ఏమీ అడిగేవాడు కాదు. గుంట అన్నం తిన్నదా? పన్ను వచ్చిందా? పెద్ద తోడికోడలు దాన్ని ఏమీ అనలేదు కదా? నేను పాప జడ ఎలా వేశారో కూడా చెప్పేదాన్ని. మా ఇంట్లో మేం పిల్లల గురించి మాట్లాడుకున్నామంటే ఆ పొద్దుటి పూటలే.

పాపని మూడో క్లాసులో ఉండగా చంపేశారు. కారుతో గుద్దించారు. ఒక్కొక్కరి ముఖం మీద మూడేసి సార్లు ఉరుము వేసి, రెండు వారాలు ఏడిపించారు. ఎందుకు చంపారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ పిల్ల ఎదిగిపోయిందేమో, వాళ్ళమ్మానాన్నలు చదువు పాడవుతుందని మాన్పించారేమో. అయితే హాస్టల్లో వేయొచ్చు కదా? ఊరికి పంపించొచ్చు కదా? కథ రాసేవాళ్ళ చేతిలో పని అది. కాగితం మీద ఒక్క ముక్క రాస్తే ఆ పిల్ల బతికేది.

ఆ పొద్దున ఆయన ముందు చద్దన్నం గిన్నె పెట్టాను.

"గుంటేటి సేసింది?"

"ఊరెల్లింది మావా. అమ్మమ్మ కాడ సదువుకుంతాదట."

"ఇక్కడ బడి లేదేటి?"

"పెద్ద తోడికోడలి కంట్లో పడకుండా పంపీసినారు."

"మంచి పని సేసినారు," అన్నాడు.

ఆ ఊరు నాకు తెలియదు కాబట్టి ఆయన ఊరే పెట్టేశాను. వాళ్ళది పద్మనాభం వైపు పల్లె. పొలం గట్టు మీద బడికి నడిచి వెళ్తుందన్నాను. బడిలో గుడ్డు పెట్టిన రోజు మాట్లాడకుండా తింటుందన్నాను. ఒక మేకపిల్లని కూడా ఇచ్చాను. మేకకి ఏం పేరు పెట్టిందని అడిగితే, ఇంకా ఆలోచిస్తోందన్నాను. నాలుగో క్లాసుకి వచ్చింది. ఐదుకి వచ్చింది. ఆరుకి వస్తే ఏం చదువుతుందని చెప్పాలో నాకు భయం పట్టుకుంది, నేనెప్పుడూ ఆ క్లాసులో కూర్చోలేదు.

ఒక ఆదివారం ఆయనతో పనిచేసే ఒకతను భోజనానికి వచ్చాడు. నేను కానాగంత చేపల పులుసు పెట్టాను. ఇద్దరూ ముందుగదిలో తింటున్నారు. నేను వంటింట్లో ఉన్నాను.

"బావా, నువ్వేటో గుంట సదువుకుంతన్నాదంతావు. మా ఇంటిది అది సచ్చిపోనాదంతాది," అన్నాడు అతను.

"మీ ఆవిడ సూత్తూ సూత్తూ కునుకు తీసుంతాది బావా."

"కునుకేటి! రెండు రోజులు అన్నం తిన్లేదు, నాకూ పెట్లేదు."

"ఏమే, ఇలా రా," అని మా ఆయన పిలిచాడు. "సెప్పు ఈడికి. గుంటేటి సేత్తన్నాది?"

పులుసు గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. మా ఆయన నవ్వుతూ నా వైపే చూస్తున్నాడు, గెలిచేసినట్టు.

"ఐదు సదువుతన్నాది," అన్నాను.

అతను తినడం ఆపి నా ముఖం చూశాడు. తర్వాత మా గోడలు చూశాడు. మా గోడ మీద క్యాలెండర్ తప్ప ఏ ఫోటో లేదు.

"అయితే మా ఇంటిది ఇంకో సీరియల్ సూత్తన్నట్టున్నాది బావా," అని కంచం వైపు వంగిపోయాడు. "పులుసు బాగున్నాది సెల్లెమ్మా."

ఆ మాటకి నేను ఊరుకోకుండా ఉండాల్సింది. ఆయన్ని పక్కకి పిలిచి ఆ రోజే చెప్పేయాల్సింది. చెప్పలేదు.

పోర్టులో కాంట్రాక్టర్ మారాడు. కొత్త కాంట్రాక్టర్ తన మనుషుల్ని తెచ్చుకున్నాడు. పాతవాళ్ళలో వయసు వాళ్ళని ఉంచి మిగతావాళ్ళని రావద్దన్నాడు. రెండింటికి పనిలో ఎక్కాల్సిన మనిషి మూడింటికల్లా ఇంటికి వచ్చి గుమ్మంలో కూర్చున్నాడు. చొక్కా మీద బొగ్గు మసి కూడా లేదు.

సాయంత్రం ఏడున్నర అవుతుంటే నేను టీవీ వైపు పోలేదు. కేబుల్ రావడం లేదన్నాను. పక్క వాటాలో టీవీ పాడుతోంది, ఆయనకి వినపడుతూనే ఉంది.

"ఎయ్యే. పనెలాగూ లేదు. గుంటనైనా సూద్దాం," అని ఆయనే లేచి వేశాడు.

మొదట హీరోయిన్ వచ్చింది.

"ఈవిడేనా? నువ్వు సెప్పినట్టు లేదే."

"ఈవిడ కొత్తావిడ మావా. పాతావిణ్ణి మార్సీసినారు. మార్సినప్పుడు కిందన రాత ఏసినారు."

"మమ్మల్ని మార్సినప్పుడు కిందన రాత కూడా ఎయ్యలేదే," అన్నాడు.

నవ్వాడు. నేనూ నవ్వబోయాను. అప్పుడే హీరోయిన్ దీపం వెలిగించడానికి ఒక గోడ దగ్గరికి నడిచింది. ఆ గోడకి ఫోటో. ఫోటోకి దండ. చుట్టూ చిన్న చిన్న బల్బులు వెలిగి ఆరుతున్నాయి.

ఆయన పాప ముఖం ఎప్పుడూ చూడలేదు. కానీ ఫోటోలో పాప నవ్వుతోంది, ముందు పన్ను లేదు.

"ఎవరే ఆ గుంట?"

నేను ఒళ్ళోని జాకెట్ మీదకి వంగి హుక్కు వెతుక్కున్నాను.

"పన్ను లేదు. ఎవరే?"

"అదే మావా."

సీరియల్ నడుస్తూనే ఉంది. పెద్ద తోడికోడలు మెట్లు దిగుతూ ఏదో అంటోంది. ఆయన టీవీ వైపే చూస్తున్నాడు.

"ఎప్పుడు?"

"రెండేల్లయినాది."

"బడికెల్తన్నాదన్నావు."

"లేదు మావా."

"మరి ఆ మేక?"

"అదీ లేదు."

"మేక కూడా లేదా," అన్నాడు. "ఆడికి తెలుసు. ఆడి పెల్లానికి తెలుసు. నీకు తెలుసు. నాకొక్కడికే తెల్దు. నాను ఆడి కాడ నవ్వినాను, మా ఇంటిది అబద్దం సెప్పదని."

తిట్టలేదు. తిడితే ఏడ్చేదాన్ని, అంతటితో అయిపోయేది. ఆయన చెప్పులు వేసుకుని వీధి చివర దాకా వెళ్ళి వచ్చి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున చద్దన్నం తిన్నాడు. ఏమీ అడగలేదు. ఆ మర్నాడూ అంతే. గాజువాకలో కూలి దొరికిన రోజు పనికి పోయేవాడు, దొరకని రోజు ఉండిపోయేవాడు. సాయంత్రం నా పక్కనే కూర్చుని సీరియల్ చూసేవాడు. దీపం వెలిగించే సీను వచ్చినప్పుడు మాత్రం కొంచెం ముందుకి జరిగేవాడు. ఇప్పుడు ఇద్దరం చూస్తున్నాం. ఒకరికొకరం చెప్పుకోవడానికేం లేకపోయింది.

నాకు ఒక్క ఆశ ఉండేది. సీరియల్లో చచ్చినవాళ్ళు వస్తారు. మామగారు మంటల్లో కాలిపోయి, వేరే ముఖంతో తిరిగొచ్చాడు. రౌడీని లోయలో తోశారు, ఆరు నెలలకి గడ్డం పెంచుకుని వచ్చాడు. ఇంతమందిని తెచ్చినవాళ్ళు ఆ పిల్లని తేలేరా? ఆసుపత్రిలో శవం మారిపోయిందని చెబితే చాలు, ఎవరూ కాదనరు. ముఖం మార్చినా నాకు ఫర్వాలేదు. కింద రాత వేస్తే ఒప్పేసుకుంటాను. ఎవరైనా తలుపు కొట్టిన చప్పుడు సీరియల్లో వినపడితే సూది పట్టుకున్న చేయి ఆగిపోయేది. పక్కన ఆయన కూడా కదలకుండా ఉండేవాడు. ఆయనా అదే చూస్తున్నాడని నాకు తెలుసు.

పాప రాలేదు. ఉన్నట్టుండి సీరియల్ ఆపేశారు. ఆఖరి రోజు అందరినీ వరసగా నిలబెట్టారు. పెద్ద తోడికోడలు ఏడ్చి మంచిదైపోయింది. అన్నేళ్ళ నటనని ఆ ఒక్క ఏడుపుతో పాడుచేశారు. హీరోయిన్ నెల తప్పింది, పాపే మళ్ళీ పుడుతుందని అత్తగారు అంది. వాళ్ళకి సరిపోయింది. చచ్చిన పిల్ల వేరు, పుట్టే పిల్ల వేరు అని ఆ రాసేవాళ్ళకి ఎవరూ చెప్పలేదేమో. అందరూ కెమెరా వైపు దండం పెట్టారు. వెనక గోడ మీద ఫోటో అలాగే ఉంది.

"అయిపోనాదా?" అన్నాడు ఆయన.

"అయిపోనాది."

ఆయనే లేచి టీవీ కట్టేశాడు.

మర్నాడు పొద్దున గిన్నె ముందు కూర్చున్నాడు. ఉల్లిపాయ చితక్కొట్టి పెట్టాను. రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్ద కలుపుతూ, తల ఎత్తకుండా అడిగాడు.

"ఏటే, గుంటిప్పుడే క్లాసు?"

ఎన్ని నెలలైందో ఆయన నన్ను ఏదైనా అడిగి. పరీక్ష పెడుతున్నాడేమో అనుకున్నాను. మళ్ళీ అబద్ధం చెబుతానా లేదా అని చూస్తున్నాడేమో అనుకున్నాను. ఇక జన్మలో ఈయనకి అబద్ధం చెప్పనని నేను ఒట్టు పెట్టుకుని ఉన్నాను.

"సచ్చిపోనాది కదా మావా," అన్నాను.

ఆయన తల ఎత్తి నన్ను చూశాడు. అప్పుడు అర్థమైంది నాకు. అది పరీక్ష కాదు. కానీ అన్న మాట వెనక్కి తీసుకునే వీలు లేదు. ఆయన కలిపిన ముద్ద గిన్నెలోనే వదిలేసి, చేయి కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని కూలి పనికి వెళ్ళిపోయాడు.

మళ్ళీ అడగలేదు. పొద్దున్నే గిన్నె పెట్టి కాసేపు ఎదురుగా నిలబడతాను. తినేసి లేస్తాడు. నా అంతట నేను మొదలుపెట్టబోతే, "ఒగ్గీయే," అంటాడు.

ఆ రోజు చెప్పాల్సిన మాట ఇన్నాళ్ళూ నా నోట్లోనే ఉంది. ఆరో క్లాసు మావా. మేక ఈనింది.