ఆయుధపూజ మరచిన పెదనాయన

మా ఇంట్లో వాషింగ్ మెషిన్ ఉతకడం పూర్తికాగానే పాట పాడుతుంది. పాడమని ఎవరూ అడగలేదు. చేసిన ప్రతి పనికీ పాట పాడుకుంటూ పోతే లోకం ఏమవుతుందో దాన్ని తయారుచేసినవాళ్లు ఆలోచించినట్టు లేదు. ఆ రోజుల్లో యంత్రాలకు ఇంత మాటకారితనం ఉండేది కాదు. సినిమాల్లో మాట్లాడే యంత్రాలు ఉండేవిగానీ అవి ఇంగ్లీషులో మాట్లాడేవి. ఏమన్నాయో తెలియాలంటే టీవీ పక్కన చదువుకున్నవాడొకడు కూర్చోవాలి. కొన్నాళ్లపాటు ఆ చదువుకున్నవాణ్ణి నేనే.

అప్పుడే తిరుపతిలో ఇంగ్లీషు సాహిత్యంతో బీఏ ముగించాను. (సాహిత్యం అంటే గైడ్లు. అసలు పుస్తకాలు లైబ్రరీలో క్షేమంగా ఉండేవి.) ఉద్యోగం లేదు. నగరిలో మరమగ్గాలు నడిపే మా మేనమామ మిద్దె దిగుతూ ఆఖరి మూడు మెట్లనూ ఒకేసారి దిగడంతో కాలు విరిగి, ఎముకలు అతికించే నాటుకట్టుకు పేరుపడ్డ పుత్తూరు వెళ్లి కట్టు కట్టించుకున్నాడు. వారం వారం కట్టు మార్చాలి. బస్సు కుదుపులకు అతుక్కున్న ఎముక మళ్లీ విడిపోతుందని భయపడి అక్కడే ఒక గది అద్దెకు తీసుకున్నాడు. ఆ ఇంట్లో మిగతా గదుల్లో ఉన్నవాళ్లు కూడా కట్లవాళ్లే. మామకు తోడుగా ఎవరుండాలన్న ప్రశ్న రాగానే మా నాయన నావైపు చూశాడు. బంధువుల్లో ఏ పనీ లేనివాణ్ణి గుర్తుపట్టడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు.

మామకు ఇంగ్లీషు ఫైటింగు సినిమాలంటే ప్రాణం. ఇంగ్లీషు మాత్రం ముక్క రాదు. ఇనుప మనుషులు తమను చేసిన మనుషుల మీదే తిరగబడే సినిమాల వరుసలో మూడోది ఆ మధ్యే హాల్లో ఆడి వెళ్లిపోయింది. కాలు మూలంగా ఆయన చూడలేకపోయాడు. దాని డిస్కు విడుదలైందని తెలిసిన రోజే నన్ను బజారుకు తరిమాడు. ఇంగ్లీషుదే వచ్చిందనీ, తెలుగుది రావడానికి ఇంకో నెల పడుతుందనీ డిస్కుల అంగడాయన చెప్పాడు. అదే మాట వచ్చి మామకు చెప్పాను.

"నువ్వుండావు కదరా అల్లుడా. బీఏ ఇంకెందుకు సదివినావు?" అన్నాడు మామ.



అద్దె టీవీ, అద్దె ప్లేయరు వచ్చాయి. ఆ సాయంత్రం గదిలో పదిమంది చేరారు: కాలికట్లు, చేతికట్లు, ఒక భుజంకట్టు. వాళ్లలో నగరి దగ్గర హైస్కూలు నడుపుతూ, కట్టు మార్పించుకోవడానికి వచ్చిపోయే కరెస్పాండెంటుగారు కూడా ఉన్నారు. స్కూటరు మీంచి పడి కుడిచెయ్యి విరిగింది. మితభాషి. కట్టు ఉన్న చేతిని పసిబిడ్డలా ఒళ్లో పడుకోబెట్టుకుని గోడవారగా కూర్చున్నారు.

సినిమా మొదలైన పావుగంటలో నాకొక సంగతి తెలిసింది. అమెరికావాళ్లు గైడ్లలో ఉండే ఇంగ్లీషు మాట్లాడరు. పైగా మొదటి రెండు భాగాలు నేను చూడలేదు. పదిమందీ టీవీని వదిలి నా నోటివైపు చూస్తున్నారు. (కట్టులో ఉన్న మనిషికి ఓపిక ఎక్కువ, లేచిపోయే అవకాశం తక్కువ.) ఇక తప్పదని మొదలుపెట్టాను. హీరో తండ్రి లేని బిడ్డ అన్నాను. తుపాకి పట్టుకుని అతని పక్కనే తిరిగే ఆమె సొంత అక్క అన్నాను. ఇనుప మనుషుల్ని తయారుచేసిన ముసలి శాస్త్రజ్ఞుడు వీళ్లకు పెదనాయన అవుతాడన్నాను. చుట్టరికం తగలగానే గది మొత్తం సర్దుకుని కూర్చుంది. అంతా సాఫీగా పోతుండగా మామ అడిగాడు: "సేసినోడి మీదనే ఎందుకు తిరగబడినాయిరా అవి?"

మంచి ప్రశ్న. ఆ సినిమా తీసినవాళ్లు దానికి జవాబు చెప్పడానికి మూడు భాగాలు తీసుకున్నారు. నాకున్నది మూడు క్షణాలు.

"పెదనాయన ఆయుధపూజ చేయలేదు మామా."

అక్కడున్నవాళ్లలో సగం మంది మగ్గాల ఇళ్లలో పుట్టినవాళ్లే. భుజంకట్టాయన మెల్లగా, ఎన్నేండ్లు చేయలేదని అడిగాడు. మూడేండ్లన్నాను. "ఇంగ తిరగబడకుండా ఏం చేస్తాయి," అని నిట్టూర్చాడు. ఆ తర్వాత ఇనుప మనుషులు ఎవర్ని చంపినా ఆ గదిలో వాటిని తప్పుపట్టినవాడు లేడు.

రెండో సగంలో ఒక ఇబ్బంది వచ్చింది. హీరోకూ అక్కకూ మధ్య వ్యవహారం తోబుట్టువుల తీరులో లేదు. ప్రమాదం పసిగట్టి రిమోటు అందుకుని ముందుకు పరిగెత్తించాను. డిస్కు మీద గీతలు పడ్డాయని సర్దిచెప్పాను.

మర్నాడు పొద్దున్నే మామ ఇంటికి ఫోను చేశాడు. ఆ ఏడు దసరాకు పూజ తూతూమంత్రంగా కానిచ్చేశారట, అందుకే తన కాలు పోయిందట. శుక్రవారం మా అత్త ప్రతి మగ్గానికీ బొట్టుపెట్టి, నిమ్మకాయ కట్టి, హారతిచ్చింది. పనివాళ్లకు గుగ్గిళ్లూ, ఒంటిపూట సెలవూ దొరికాయి. ఒక అమెరికా సినిమా నగరి కార్మికులకు చేసిన మేలు నాకు తెలిసి అదొక్కటే.

ఇంతవరకైతే నష్టం లేదు. కానీ మావాడు ఇంగ్లీషును నీళ్లలా తాగేస్తాడని మామ కరెస్పాండెంటుగారితో అన్నాడు. వాళ్ల బడిలో ఇంగ్లీషు మాస్టారు నడుమలో మానేసి పోయాడట. చెయ్యి బాగుపడినాక చూద్దామన్నారాయన. ఆ "చూద్దాం" తిరుపతిలోని మా ఇంటికి చేరేసరికి "చేరమన్నారు" అయింది. నాయన నాకు రెండు కొత్త చొక్కాలు కుట్టించి, వీధిలో అందరికీ చెప్పేశాడు. ఇప్పుడు ఆ ఉద్యోగం రాకపోతే నేను చొక్కాలతో సహా ఇంటికి వెళ్లలేను.

అప్పుడు తెలుగు డిస్కు విడుదలైంది.

అంగట్లో రెండు వచ్చాయి. రెండూ నేనే అద్దెకు తెచ్చి మామ మంచం కింద ట్రంకు పెట్టె అడుగున దాచాను. రెండ్రోజులు హాయిగా నిద్రపోయాను. మూడోరోజు కట్టు విప్పించుకోవడానికి వచ్చిన కరెస్పాండెంటుగారు, తిరుపతి పోయింటే కనిపించిందని సంచిలోంచి మూడో డిస్కు తీశారు. అందరం కలిసి చూద్దామన్నారు.

మళ్లీ అదే పదిమంది. ఈసారి నాకు పనిలేదు. పెదనాయన తెరమీదికి వచ్చి, హీరోను ఎగాదిగా చూసి, చక్కటి తెలుగులో "ఎవరు నువ్వు?" అన్నాడు. యంత్రాలు తిరగబడింది ప్రోగ్రాములో వచ్చిన పొరపాటు వల్లనట. పూజ ఊసే లేదు. ఆ తర్వాత నేను పరిగెత్తించిన ఘట్టం తీరిగ్గా, ఒక్క గీతా లేకుండా, పూర్తిగా వచ్చింది. భుజంకట్టాయన తల తిప్పుకుని గోడ చూశాడు. నేను కొత్త చొక్కాల రంగు గుర్తు చేసుకుంటూ కూర్చున్నాను.

సినిమా అయింది. మామ కట్టు మీద చెయ్యి ఆనించి తీర్పు చెప్పాడు.

"ఈ తెలుగోళ్లకి ఇంగ్లీషు రాదప్పా. ఉండే ఆయుధపూజను కోసేసినారు. ఇంగ్లీషుదాంట్లో లేని గలీజంతా కలిపినారు, అదీ అక్కతో. మావోడు లేకపోతే మనమూ ఇదే నిజమనుకుంటాము."

అందరూ అవునన్నారు. కరెస్పాండెంటుగారు మాత్రం డిస్కు తీసి జాగ్రత్తగా కవరులో పెట్టుకున్నారు.

ఇరవై ఏళ్లకు పైగా ఆయన బడిలోనే ఇంగ్లీషు చెబుతున్నాను. పాఠంలో అర్థంకాని వాక్యం ఎదురైనప్పుడు నాలుక చివరికి ఇప్పటికీ ఒక పెదనాయన వస్తాడు. మింగేసి, నిఘంటువు తీస్తాను. ఆనాటి కుర్రవాడైతే నిఘంటువు కోసం లేచేవాడు కాదు. వాడి ధైర్యం తలచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం బెంగ కూడా.

తెలుగు డిస్కు చూసిన ఆ సాయంత్రం ఆయన సంచి మోసుకుంటూ బస్సుదాకా వెళ్లాను. సోమవారం సర్టిఫికెట్లు తీసుకుని రమ్మన్నారు. నాకు కాళ్లు నేలమీద ఆనలేదు. బాగైన చేత్తో కడ్డీ పట్టుకుని మెట్టెక్కి, వెనక్కి తిరిగి, కోపమేమీ లేకుండా అన్నారు:

"నేను ఇంగ్లీషులో ఎమ్మే చదివినానప్పా. పిల్లకాయలకి మాత్రం పుస్తకంలో ఉండేదే చెప్పు."