పదహారు గీతల చీర

మాధవరంలో రామసుబ్బమ్మ ఇంటి చీరను షావుకార్లు వెలుతురుకు పట్టి చూసేవాళ్లు కాదు. మిగతా ఇళ్ల చీరలనైతే ఎండకెదురుగా ఎత్తిపట్టి, ఎక్కడ పోగు తప్పింది, ఎక్కడ గీత పడింది అని కళ్లు చికిలించి వెతికేవాళ్లు. ఆమె చీరను మాత్రం మడత విప్పకుండానే మూటలో వేసుకునేవాళ్లు. ఆ పేరు ఊరికే రాలేదు. ఆ ఇంట్లో ఒక కట్టడి ఉండేది. పడుగులో, అంటే నిలువు పోగుల్లో, ఒకటి తెగితే మగ్గం అక్కడికక్కడ ఆగాలి. వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని, తెగిన రెండు కొసలూ మెలిపెట్టి అతికించాకే అడ్డపోగు తీసుకెళ్లే నాడె కదలాలి. ఇంకో జానెడు నేసి అతికిస్తాలే అన్నవాడికి ఆ పూట కూడు లేదు. కొడుకు నాగసుబ్బయ్య పదకొండో ఏట ఒకసారి ఆ మాట అని, పొద్దుగూకేదాకా కడుపు మాడ్చుకున్నాడు.

ఇంటర్ అయ్యాక తండ్రి పోవడంతో నాగసుబ్బయ్య చదువు మాని మగ్గం గుంటలో దిగాడు. పదేళ్లు దిగినచోటే ఉన్నాడు. ఈలోగా మరమగ్గాల చీరలు సంతలను ముంచెత్తాయి. ఇంట్లో మూడు మగ్గాల్లో రెండు మూలపడ్డాయి. రెండువేల నాలుగులో, మిగిలిన ఒక్క మగ్గాన్నీ భార్య సుబ్బరత్నమ్మకు అప్పజెప్పి అతను కడప బస్సెక్కాడు. ఏడు రోడ్ల దగ్గర వాసుదేవ్ అనే ఆయన నడిపే కంప్యూటర్ సెంటర్లో కేబుళ్లు లాగే పనికి కుదిరాడు. నిచ్చెన ఎక్కడం, గోడకు బెజ్జం వేయడం, వైరు లాగడం, దిగడం. అతన్ని చూసి వాసుదేవ్ కూడా అంతకు మించి ఏమీ అనుకోలేదు.

నెట్‌వర్కు కేబులు తొక్క ఒలిస్తే లోపల ఎనిమిది సన్నటి తీగలుంటాయి. జంటలు జంటలుగా పురిపెట్టి ఉంటాయి. పురి విప్పి, రంగుల వరస తప్పకుండా పేర్చి, ప్లాస్టిక్ కనెక్టరులోకి ఒక్కసారిగా దూర్చాలి. సెంటరులోని ఇంజనీరు కుర్రాళ్లు గోడమీది రంగుల పటం చూస్తూ, పెదాలతో జపం చేస్తూ, ఒక్కోదానికి పది నిమిషాలు తీసుకునేవాళ్లు. అయినా మూడింట ఒకటి తప్పేది. నాగసుబ్బయ్య రెండో వారంలోనే, కిటికీ బయటికి చూస్తూ, నిమిషానికొకటి చేసి బుట్టలో పడేస్తున్నాడు. టీ గ్లాసు పట్టుకుని అటుగా పోతున్న వాసుదేవ్ ఆగిపోయాడు.

"యాడ నేర్చుకున్నావప్పా ఇది?"

"నేర్చుకునేదేముండాది సార్. ఎనిమిదే కదా పోగులు. మా ఇంట్లో నాలుగు వేలు."

ఆ రోజునుంచి వాసుదేవ్ అతన్ని క్లాసు జరిగే గదిలోనే ఏదో ఒక పనికి పురమాయించేవాడు. నిచ్చెన మీద నిలబడి నాగసుబ్బయ్య పాఠం మొత్తం వినేవాడు. ఫీజు కట్టి కూర్చున్నవాళ్లు కింద కునుకు తీస్తుంటే, కట్టనివాడు పైన చెవులు రిక్కించుకుని ఉండేవాడు. మూడు నెలలకు సిసిఎన్ఏ పుస్తకం ఇప్పించమని అడిగాడు. నెట్‌వర్కు పనిలో అడుగుపెట్టేవాళ్లు రాసే పరీక్ష అది. పుస్తకం ఇటుకంత మందం, అంతా ఇంగ్లీషు. అర్థం కాని మాటలను బస్సు టికెట్ల వెనక రాసుకుని, పోయేటప్పుడు ముప్పావుగంట, వచ్చేటప్పుడు ముప్పావుగంట నిఘంటువుతో కుస్తీ పట్టేవాడు. ఆదివారాలు మగ్గం దూలం మీద సుద్దముక్కతో లెక్కలు వేసేవాడు. రెండు వందల యాభై ఆరులో సగం, ఆ సగంలో సగం, మళ్లీ సగం. ఒక్కో ఆఫీసుకు ఎన్ని కంప్యూటర్లు, ఎన్ని చిరునామాలు అన్నది ఆ సగాల్లోనే తేలుతుంది.

"చీర కొలతలకు ఇన్ని లెక్కల్లేవు. ఏం నేస్తాండావు దూలం మీద?" అని సుబ్బరత్నమ్మ ఎగతాళి చేసేది. ఎగతాళి చేస్తూనే, ఒక్క అంకె చెరిగిపోకుండా చీపురు పక్కనుంచి తిప్పేది.

ఇలా ఏడాదిన్నర గడిచింది. అంత ఓపిక మనలో ఎంతమందికి ఉంటుంది? రెండువేల ఆరు ఎండాకాలంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ తన నెట్‌వర్కు బాగోగులన్నీ వాసుదేవ్‌కు అప్పజెప్పింది. సిసిఎన్ఏ సర్టిఫికెట్ ఉన్న మనిషి ఒకరు రోజూ కాలేజీలో కూర్చోవాలన్నది షరతు. సెంటరులో అది ఉన్న కుర్రాళ్లిద్దరూ అప్పటికే బెంగుళూరు చేరుకున్నారు.

"పాసయితే ఆ కుర్చీ నీదే సుబ్బయ్యా," అన్నాడు వాసుదేవ్. "జూలై ఆఖరు లోపల చూపించాల. లేకుంటే హైదరాబాదు నుంచి ఎవరినో తెచ్చుకోవాల. నువ్వు మళ్ల నిచ్చెనే."

జూన్ నెలలో నాగసుబ్బయ్య హైదరాబాదు వెళ్లి అమీర్‌పేటలో పరీక్ష రాశాడు. చల్లని గదిలో కంప్యూటరు ముందు రెండు గంటలు. పద్దెనిమిది ప్రశ్నలు ఆగకుండా చేసుకుపోయాడు. పంతొమ్మిదో ప్రశ్నలో తెరమీద మూడు ఆఫీసుల బొమ్మ ఉంది. వాటిలో రెంటికి మధ్య కబురు అందడం లేదు. ఆదేశాలు టైపు చేసి, తప్పెక్కడుందో పట్టుకుని సరిచేయాలి. వెతికాడు. దొరకలేదు. మళ్లీ మొదటినుంచి వెతికాడు. గడియారం కరిగిపోతోందని తెలుసు. తెలిసినా, తెగినదాన్ని తెగినట్టే వదిలి ముందుకు పోవడం అతని చేతికి పుట్టినప్పటినుంచీ తెలియదు. యాభై నిమిషాలకు తప్పు దొరికింది, సరిచేశాడు. ఆనక ఎంత పరుగెత్తినా చివరి పన్నెండు ప్రశ్నలను కళ్లతో కూడా చూడలేకపోయాడు.

"ఫెయిలైనాను సార్. ఆ ప్రశ్న మాత్రం సరిగ్గా చేసినా," అన్నాడు వాసుదేవ్‌తో.

వాసుదేవ్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "రాకుంటే వదిలేసి పోవాల అని ఎన్నిసార్లు చెప్పినానప్పా?"

"తెలుసు సార్. చెయ్యి రాలేదు."

ఇంకొక్కసారి ఫీజు కడతానన్నాడు వాసుదేవ్. జూలై ఇరవై ఏడున మళ్లీ పరీక్ష. అప్పుడూ పోతే ఇక అడగొద్దన్నాడు. ఇంటికొచ్చి నాగసుబ్బయ్య జరిగింది జరిగినట్టు చెప్పాడు. వత్తులు చేసుకుంటున్న రామసుబ్బమ్మ చెయ్యి ఆగింది.

"అయితే నేను నేర్పిందే నీకు అడ్డం పడిందన్నమాట."

"నువ్వు నేర్పింది మంచిదేమ్మా. ఆడ చెల్లలేదు, అంతే."

ఆమె వత్తులు పక్కకు జరిపి లేచింది. తెల్లవారి, సుబ్బరత్నమ్మ కొత్త పడుగెక్కించిన మగ్గం దగ్గరికి కొడుకును పిలిచింది. అతను గుంటలోకి దిగి నాలుగు వేళ్ల మేర నేశాక, కొంగు చాటునుంచి బ్లేడు తీసి పడుగు మధ్యలో ఒక పోగు కోసేసింది.

"అత్తా, ఏం చేస్తాండావు?" సుబ్బరత్నమ్మ గుండెమీద చెయ్యేసుకుంది.

రామసుబ్బమ్మ ఆమె వైపు చూడలేదు. "నేయి నాయనా," అంది కొడుకుతో.

నాగసుబ్బయ్య చెయ్యి దానంతటదే బూడిద చిప్ప వైపు పోయింది. ఆమె చిప్పను దూరంగా జరిపింది. "అతికించొద్దు. అట్లే నేయి."

ఆ రోజు అతనివల్ల కాలేదు. నాడె పట్టుకుని చెమటలు కార్చుకుంటూ కూర్చుని, బస్సుకు వేళైందని లేచిపోయాడు. రెండో రోజు ఆమె ఇంకో పోగు కోసింది. పళ్లు బిగబట్టి బెత్తెడు నేశాడు. చీరలో సన్నటి గీత సాగుతుంటే ఒంట్లో ఎక్కడో గీసుకుపోతున్నట్టుంది. తలెత్తి చూశాడు. నేయి నేయి అంటున్న తల్లి ముఖం గోడ వైపుకు తిప్పుకుని ఉంది. ముప్పై ఏళ్లుగా కాపాడుకున్న పేరును ఆ ముసలామె రోజుకో పోగు చొప్పున కోసుకుంటోంది, కానీ కళ్లారా చూడలేకపోతోంది. అది చూశాక నాగసుబ్బయ్యకు కన్నీళ్లాగలేదు. చెయ్యి మాత్రం ఆగకుండా ఆడింది. పదహారు రోజులకు చీర దిగింది. దాని నిండా పదహారు గీతలు.

జూలై ఇరవై ఏడున ఇరవై మూడో ప్రశ్న దగ్గర మళ్లీ అలాంటి బొమ్మే ఎదురైంది. ఈసారి నాలుగు ఆఫీసులు. ఏడు నిమిషాలు వెతికాడు, తప్పు దొరకలేదు. కుడిచెయ్యి మౌసు మీదుంది. ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ బూడిద కోసం వెతుక్కుంటున్నట్టు ఒకదాన్నొకటి రాసుకుంటున్నాయి. అది చూసుకున్నాడు. తల్లి తిప్పుకున్నట్టే ముఖం గోడ వైపుకు తిప్పుకుని, తర్వాతి ప్రశ్నకు పోయే మీట నొక్కాడు. ఆఖరి ప్రశ్న ముగిసేసరికి ఇంకా ఆరు నిమిషాలు మిగిలాయి. కాసేపటికి తెరమీద పాసయినట్టు వచ్చింది. అది తన మార్కులేనా అని పేరు రెండుసార్లు చదువుకున్నాడు.

మరుసటి రోజు ఇంటికొచ్చిన కొడుకును రామసుబ్బమ్మ మార్కులు అడగలేదు.

"ఎన్ని వదిలేసినావు?"

"మూడు."

"కష్టమనిపించిందా?"

"శానా."

ఆమె తల ఊపి, కాళ్లు కడుక్కోవడానికి నీళ్లు తెచ్చిపెట్టింది.

ఆ వారమే చీరలు తీసుకుపోవడానికి షావుకారు తిమ్మయ్య వచ్చాడు. దండెం మీద ఆరేసిన కొత్త చీరను చూశాడు, దగ్గరికి పోయాడు. ముప్పై ఏళ్లలో మొదటిసారి రామసుబ్బమ్మ ఇంటి చీరను ఎండకెదురుగా ఎత్తిపట్టాడు. ఎత్తినచోటల్లా గీతే.

"ఏందక్కా ఇది? ఎవరు నేసినారు? సరే, నీ మొగం చూసి సగానికి తీసుకుంటాలే."

రామసుబ్బమ్మ లేచి వెళ్లి అతని చేతిలోంచి చీర అందుకుంది. గీతలన్నీ లోపలికి పోయేలా కాకుండా, అందరికీ కనబడేలా పైకి మడత పెట్టింది.

"ఇది అమ్మేది కాదు తిమ్మయ్యా. రేపు కడపకు పోతాండాను, నా కొడుకు కుర్చీలో కూర్చునేది చూసేకి. దీన్నే కట్టుకోని పోతా."