దిక్సూచికి నచ్చిన అతుకు

వెల్డింగు రాడ్డు తేల్చుకోవడానికి కోనసీమ ప్రయాణమా అని మా ఆవిడ నవ్వింది. మీరూ నవ్వండి. డెబ్బైల చివర్లో నేను విశాఖలో ఓడలు కట్టేచోట వెల్డింగు సూపర్‌వైజర్ని. ఒక ఓడలో దిక్సూచి ఉండే గదికి అయస్కాంతం అంటని ఉక్కు వచ్చింది. ఉక్కు అంటకపోతే చాలదు, అతుకూ అంటకూడదు. అంటిందా, దిక్సూచి ఉత్తరాన్ని మానేసి అతుకు వైపు తిరుగుతుంది. మామూలు స్టెయిన్‌లెస్ రాడ్డుతో అతికితే అయస్కాంతం కాస్త లాగుతుంది. నేను పట్టుబట్టి తెప్పించిన రెండో రాడ్డుకి అస్సలు లాగకూడదు. నా ఖర్మ, దానికీ లాగింది! పైవాళ్లు ఏ రాడ్డో సోమవారానికల్లా తేల్చమన్నారు. తేల్చలేకపోతే నా మాటకి ఇక విలువుండదు.

నాకు పని నేర్పిన దేవదానం మేస్త్రిగారు రిటైరై ముక్తేశ్వరంలో ఉన్నారు. శనివారం పొద్దున్న ఆరింటికి రైలెక్కాను. సామర్లకోటలో దిగి, కాకినాడలో, ద్రాక్షారామంలో బస్సులు మారి, ఒంటిగంటకు కోటిపల్లి రేవు చేరాను. సంచిలో ఒక్కో రాడ్డుతో అతికిన ఉక్కు ముక్కలు రెండు, ఏది ఏ రాడ్డుదో సుద్దతో అంకెలు వేసినవి. గోదావరి దాటించే పంటు మీద పక్కనున్న కొబ్బరికాయల వ్యాపారి సంచి ఎత్తి చూశాడు.

"ఇంత బరువేంటండీ?"

"ఇనప ముక్కలండి. విశాఖ నుంచి తెలిసినవారింటికి."

"కాకినాడ మీంచే వచ్చేరు కదండీ, కాజాలు దొరకలేదా?"

మేస్త్రిగారింట్లో ముందు పనసపొట్టు కూరతో భోజనం, తర్వాత నిద్ర. "ఇనుమెక్కడికీ పోదయ్యా, పడుకో" అన్నారాయన. నాలుగింటికి లేచి చూస్తే సంచి ఖాళీ! పెరట్లోకి పరుగెత్తాను. ఆయన భార్య రూతమ్మ పిన్నిగారు అంట్లగిన్నెల పక్కనే నా ముక్కలు బోర్లించారు.

"మసిగొట్టుకుపోయేయి బాబూ. చింతపండూ కొబ్బరిపీచూ పెట్టి తోమేసేను."

సుద్ద అంకెలు లేవు. ఏది ఏదో తెలియదు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

మేస్త్రిగారు మాత్రం తాపీగా చిన్న అయస్కాంతానికి దారం కట్టి ముక్కల పక్కన వేలాడదీశారు. ఒకదాని అతుకు వైపు అది కాస్త ఒరిగింది. రెండోదాని దగ్గర కదల్లేదు. ఇటు తిప్పారు, అటు తిప్పారు. ఊహూఁ.

"అతుకు మీద పేరుకున్న చిట్టెం దేంతో గీకేవు?"

"ఇనప బ్రష్షుతోనండి."

"బ్రష్షు రాల్చిన ఇనప పొడిని అతుక్కి పులిమి, రాడ్డుని తిట్టేవన్నమాట. ఆయ్, బావుంది! మీ పిన్ని తోమితే ఆ పొడి వదిలింది. స్టెయిన్‌లెస్ బ్రష్షు వాడు. ఈ రాడ్డుతో వేసిన అతుకు వేడికి పగుల్తుంది, కొంచెం కొంచెం అతికి చల్లారనీ."

అంకె అక్కర్లేకుండానే రెండో రాడ్డు తేలిపోయింది. నేను పిన్నిగారికి దణ్ణం పెట్టాను. గిన్నెలు తోమినందుకు దణ్ణమేంటి బాబూ అని ఆవిడ సిగ్గుపడ్డారు.

ఆదివారం వాళ్లు చర్చికి బయల్దేరితే నేను తొమ్మిదింటి పంటుకి వచ్చేశాను. సంచిలో ముక్కలతోపాటు పిన్నిగారిచ్చిన పీచు కట్ట కూడా ఉంది. సోమవారం పైవాళ్లకేం చెప్పాలో తెలుసు, ఆ దిగులు లేదు. పెళ్లయి పదేళ్లలో ఒక్క గిన్నె తోమి ఉంటే ఈ ప్రయాణమే అవసరమయ్యేది కాదన్న సంగతి మా ఆవిడ దగ్గర ఎలా దాచడం? కాకినాడలో దిగి ఆవిడ కోసం కాజాలు కొన్నాను.