పురుగుకు గంజి పోయొద్దన్న మా అవ్వ

మధ్యాహ్నం అన్నాలయ్యాక మా అవ్వ ఒళ్ళో నిద్రపోతున్న నా చిన్నోడి చొక్కా పైకి జరిగింది. కిందికి లాగబోయి ఆగిపోయాను. వాడు ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం గుంటలు పడుతోంది. మామూలు జలుబే అనుకుని పుట్టింటికి, ఎమ్మిగనూరుకు, తీసుకొచ్చిన పిల్లాడు. "అవ్వా, వీని ఊపిరి సూడు" అన్నాను. అవ్వంటే మా నాన్నను కన్న తల్లి. "ఎండకు సొలిసినాడులేమ్మే, నీకన్నీ భయమే" అంటూనే వాడి రొమ్ము మీద అరచెయ్యి ఆనించి చూసింది. ఒక్క క్షణమే. "లే, ఆదోనికి పోదాం పా" అని నాకంటే ముందు తనే లేచింది. పిల్లలు తుమ్మితే చాలు ఫోనులో వెతికే నన్ను చూసి మా ఇంట్లో అందరూ నవ్వుతారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. దాంతో నా భయం ఇంకా పెరిగింది.

ఆదోనిలో డాక్టరు ఎక్స్‌రే చూసి న్యుమోనియా అన్నారు. "ఏ సూక్ష్మజీవో ఖచ్చితంగా చెప్పలేమమ్మా. ఈ వయసు పిల్లల్లో ఎక్కువగా న్యుమోకాకస్." టీకాలన్నీ వేయించామన్నాను. "దాని పైపొరల్లో చాలా రకాలున్నాయి. టీకా అన్ని రకాలకూ పనిచెయ్యదు" అన్నారు. మందులు మొదలుపెట్టి, ఊపిరి తేలికపడి నోటితో ఏమన్నా తాగితే సరేననీ, లేకుంటే కర్నూలు పెద్దాసుపత్రికి పంపాల్సి వస్తుందనీ చెప్పారు. నా చెవుల్లో కర్నూలు ఒక్కటే మిగిలింది. ఊపిరి ఆడని పిల్లాణ్ణి పెట్టుకుని అంత దూరం ఎట్లా పోవడం?

ఆ పైపొర సంగతి నేను డిగ్రీలో చదివినదే. అప్పట్లో ఒక పరీక్ష ముందురోజు పొద్దున్నే మా వీధిలో పాఠం వల్లెవేస్తూ తిరుగుతున్నాను. మాది నేతపని చేసే ఇల్లు. వీధి పొడవునా పడుగు, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు దారాలు, సాచి, అవి గట్టిపడేందుకు మా అవ్వ కుంచెతో గంజి పట్టిస్తోంది. పుల్లటి గంజి వాసన, తడి దారాల మీద లేత ఎండ. "ఏంది మ్మే, అట్ల గొణుక్కుంటాండావు?" అని అడిగింది. చెప్పాను. మన రక్తంలో కాపలా కణాలుంటాయి, రోగం తెచ్చే పురుగు కనిపిస్తే పట్టుకుని మింగేస్తాయి. వాటికి చిక్కకుండా ఈ న్యుమోకాకస్ పురుగు ఒంటి చుట్టూ చక్కెరల పొర కట్టుకుంటుంది. లోపల ఒక కొవ్వు కొక్కేనికి నాలుగైదు చక్కెరలను ఒకదాని వెనక ఒకటి తగిలిస్తుంది. ఆ చిన్న ముక్కను కొక్కెంతో సహా తన ఒంటి తోలులోంచి బయటివైపుకు తిప్పేస్తుంది. ముక్కలన్నీ బయటే ఒకదానికొకటి అతుక్కుని పొడవాటి గొలుసవుతాయి. ఆ గొలుసు కొసను తన ఒంటి గోడకు బిగించుకుంటుంది.

అవ్వ కుంచె ఆపింది. "అంతా లోపలే సేసుకోవచ్చు గదా?"

"అంత పొడుగు గొలుసు లోపల యాడ పడతాది అవ్వా?"

"ఓయమ్మా, అదీ మన మాదిరే! పడుగు ఇంట్లో పట్టకనే గదా మనం వీధిలోకి వచ్చింది. పురుగుకు గూడా ఇల్లు ఇరుకే, అదీ బయటే గంజి పెట్టుకుంటాది!" అని పకపకా నవ్వింది. సాయంత్రానికి మా వీధి వీధంతా పురుగు గంజి పెట్టుకుని తిరుగుతుందన్న కథ పాకింది. నేను పరీక్ష పాసై, ఆ సంగతే మరిచిపోయాను.

మా అవ్వ మరవలేదు. ఆసుపత్రిలో చేరిన మర్నాడు పిల్లాడికి జ్వరం కొంచెం దిగినా, చెంచాడు నీళ్ళు కూడా మింగడం లేదు. మా అమ్మ పల్చగా గంజి కాచి, ఉప్పేసి తెచ్చింది. అవ్వ మంచానికి అడ్డం నిలబడింది. "గంజి తీస్కపో! లోపలుండే పురుగుకు మనమే గంజి పెట్టిచ్చినట్లైతాది!"

మా అమ్మ గిన్నె పట్టుకుని నోరు తెరిచింది. అంత భయంలోనూ నాకు నవ్వు ఆగలేదు. "అవ్వా, ఆ పురుగుండేది ఊపిరితిత్తుల్లో. దాని పొర అదే సేసుకుంటాది. గంజి పోయేది వీని కడుపులోకి."

"మరి ఆ పొద్దు గంజి అన్నదెవరు?"

"నువ్వే!"

"నేనా? నేనేమన్నా సదివినదాన్నా? నా మాట మిమ్మల్నెవరు ఇనమన్నారు?" అంటూ అమ్మ చేతిలోంచి గిన్నె లాక్కుంది. తనే చెంచాతో కలిపి, ఊది, పిల్లాడి పెదవుల దగ్గర పెట్టింది. మా ముగ్గురి గొడవను అంతసేపూ కళ్ళు తిప్పి తిప్పి చూస్తున్న చిన్నోడు నోరు తెరిచాడు. ఒక చెంచా మింగాడు. ఇంకోటి మింగాడు. మూడోది ఆలస్యమైతే అవ్వ చేతి మీద కొట్టాడు. ఆ దెబ్బకు మా అవ్వ మురిసిపోయిన తీరు చూడాలి, ఎవరో సన్మానం చేసినట్టు! సాయంత్రానికి వాడి పక్కటెముకల కింద గుంటలు పడడం ఆగింది. డాక్టరు వాడి రొమ్ముకు స్టెతస్కోపు ఆనించి విని, "కర్నూలు అక్కర్లేదమ్మా" అన్నారు. వరండాలోకి వెళ్ళి తృప్తిగా ఏడ్చాను.

మరుసటి ఉదయం మా ఆయన, తన దగ్గరే ఉండిపోయిన మా పెద్దమ్మాయిని తీసుకొచ్చాడు. అది వస్తూనే తమ్ముడి మంచం ఎక్కింది, వాడు తోశాడు, ఇద్దరూ గది అదిరిపోయేలా అరుపులు మొదలుపెట్టారు. ఊరుకోమనడానికి అవ్వ నోరు తెరిస్తే నేనే వద్దన్నాను. గొంతు పగిలేలా అరవాలంటే నిండా ఊపిరి ఉండాలి కదా. పిల్లల గోల ఇంత తియ్యగా వినిపించే రోజులు తల్లి బతుకులో ఎక్కువ రావనీ, వచ్చినా తెల్లారేసరికి వెళ్ళిపోతాయనీ నాకు తెలుసు. అందుకే ఇద్దరినీ దగ్గరికి లాక్కుని చెప్పాను: "రేపట్నించి మళ్ళీ తిడతా. ఈ పొద్దుకు మాత్రం మీ ఇష్టం వచ్చినంత అరుచుకోండి."